డబ్బులు పెట్టి జైలు చూడటమా?

ప్రయాణాల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు ఒంగోలు నుంచి ఓ రిటైర్డ్ సోషల్ టీచర్ ఇచ్చే జవాబులు. ఈసారి ఎందుకో ఎక్కువ ఉత్తరాలు జైళ్ళ గురించే వచ్చాయి.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మా అబ్బాయి సంక్రాంతి తర్వాత మా ఇద్దరినీ వియత్నాం తీసుకెళ్తున్నాడు. హనోయిలో ఒక పూట యుద్ధకాలం నాటి జైలు చూద్దామని రాసిపెట్టాడు. మావారేమో "లక్షలు పోసి విమానమెక్కి జైలుకి పోవడమేందిరా, నెల్లూరు జైలు బస్సులోంచి చూస్తే చాలదా" అని ఒకటే గొడవ. నాకూ మనసొప్పడం లేదు. అంత చూడాల్సిందేముంది అందులో?
– ఒక గృహిణి, కావలి

జవాబు: మీవారి మాటకి నవ్వొచ్చిందమ్మా. అయినా ఆయన్ని వదలకుండా వెంటబెట్టుకెళ్ళండి. నాతో వచ్చిన గుంపుల్లో చూశాను, "మార్కెట్‌కి టైమైపోతోంది" అని గేటు దగ్గర సణిగిన పెద్దమనుషులే లోపలికెళ్ళాక అందరికన్నా ఆలస్యంగా బయటికొస్తారు.

ఆ జైలు పేరు హోవా లో. హనోయి నడిబొడ్డున, కుండలూ మట్టిపొయ్యిలూ చేసుకుని బతికే ఒక పల్లెని ఖాళీ చేయించి, అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న ఫ్రెంచివాళ్ళు 1896లో కట్టడం మొదలుపెట్టారు. ఇంగ్లిషువాళ్ళు అండమాన్‌లో సెల్యులార్ జైలు మొదలెట్టిందీ ఆ ఏడే. 1990లలో దాన్ని చాలావరకు పడగొట్టి పెద్ద పెద్ద భవనాలు లేపారు. ముందు భాగం మాత్రం మ్యూజియంగా మిగిలింది. గేటు మీద 'మెజోన్ సాంత్రాల్' (సెంట్రల్ జైలు అన్నమాట) అని ఫ్రెంచి అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. గోడ 4 మీటర్ల ఎత్తు, అర మీటరు మందం. పైన సీసాపెంకులు గుచ్చారు. మీ కావలిలో పాత ఇళ్ళ ప్రహరీల మీద ఉండేవే, తేడా ఏమీ లేదు. కాకపోతే వాటి పైన కరెంటు తీగ కూడా లాగారు.

లోపల పొడుగాటి హాలు. అటూ ఇటూ సిమెంటు అరుగులు. వాటి మీద బక్కచిక్కిన మనుషుల బొమ్మలు నిలువెత్తువి, వరసగా కూర్చోబెట్టారు. అందరి పాదాలూ ఒకే బొండకొయ్యలో బిగించి ఉంటాయి. ఒకడు పక్కవాడికి ఏదో చెబుతున్నట్టు, ఇంకొకడు మోకాళ్ళ మీద తల పెట్టుకున్నట్టు చేశారు. చివర్న, ఎత్తు మీద, అందరికీ కలిపి ఒకటే దొడ్డి, చాటు లేకుండా. అవతల చీకటి కొట్లు. అక్కడ నేల చూడండి, ఏటవాలుగా ఉంటుంది. కాళ్ళు పైకి, తల కిందికి వచ్చేలా పోశారు, మనిషి పడుకున్నా నిద్రపట్టకూడదని. వంగి చెయ్యి ఆనించి చూశాను. ఆ వాలు కంటికన్నా చేతికే బాగా తెలుస్తుంది. అది పోసిన మేస్త్రీ పొరపాటున పోసింది కాదు, ఎవరో కాగితం మీద గీసిస్తే కొలత ప్రకారం పోసింది. నాకు అక్కడున్న తలలు నరికే యంత్రం, గిలటిన్ కన్నా అదే ఎక్కువ కష్టమనిపించింది.

గిలటిన్ కూడా ఉంది. రెండు పొడుగాటి కొయ్యలు, మధ్యలో కత్తి, తల పడే చోట తొట్టె. 1908లో ఫ్రెంచి సిపాయిల భోజనంలో విషం పెట్టారన్న కేసులో తలలు తీయించిన వాళ్ళ ఫోటోలు అక్కడే పెట్టారు. మీకు ఇబ్బందైతే ఆ గది గబగబా దాటేయండి, తప్పులేదు.

పెరట్లో ఒక బాదం చెట్టు ఉంది. మన బడుల్లో ఉండేదే, కాయ రాయితో కొట్టుకుని పప్పు తింటామే, అదే చెట్టు. ఆకూ బెరడూ విరేచనాలకీ పుండ్లకీ మందుగా వాడుకునేవాళ్ళట ఖైదీలు. కొమ్మలు చెక్కి తినే పుల్లలూ పొగ తాగే గొట్టాలూ చేసుకున్నారు. ఇప్పుడు మ్యూజియం వాళ్ళు ఆ బాదంతోనే చిరుతిళ్ళు చేసి అమ్ముతున్నారు. మా వాళ్ళు బాగున్నాయనే తిన్నారు. నాకు మాత్రం గొంతు దిగలేదు.

మురుగుతూము ఒకటి చూపిస్తారు. 1951 డిసెంబరు 24 రాత్రి, మరణశిక్ష పడ్డ 16 మంది దాంట్లో దూరి పారిపోవడానికి తెగించారు. అంతకుముందు 1945 మార్చిలో జపాన్ సైన్యం ఫ్రెంచివాళ్ళని గద్దె దించిన గందరగోళంలో వందమందికి పైగా ఈ జైలు నుంచి తప్పించుకున్నారు. వాళ్ళలో ఒకడు దో మ్యుయీ, తర్వాతి రోజుల్లో అక్కడి కమ్యూనిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ఇది మీవారికి చెప్పండి. 1942లో జైలుకెళ్ళి 1945లో విడుదలై, 1946లో మద్రాసు ప్రధాని అయిన ప్రకాశం పంతులు గారి జిల్లా పక్కనే ఉంటూ జైలు చూడనంటే ఎలాగ?

ఇదంతా ఒక సగం. రెండో సగం కోసమే అసలు మిమ్మల్ని వెళ్ళమంటున్నాను.

1964 ఆగస్టు నుంచి 1973 దాకా, వియత్నాం యుద్ధంలో పట్టుబడ్డ అమెరికా పైలట్లని ఇదే జైల్లో పెట్టారు. వాళ్ళు ఎగతాళిగా, పెద్ద హోటల్ పేరు తగిలించి 'హనోయి హిల్టన్' అని పేరు పెట్టుకున్నారు. ఆ గదుల్లోకి రాగానే లైటింగే మారిపోతుంది. బొమ్మలు లేవు, బొండకొయ్యలు లేవు. క్రిస్మస్ చెట్టు అలంకరిస్తున్న ఖైదీలు, ఆటలాడుతున్న ఖైదీలు, వంట చేసుకుంటున్న ఖైదీలు. అన్నీ నవ్వు మొహాల ఫోటోలే, పెళ్ళి ఆల్బమ్ తిప్పుతున్నట్టుంటుంది. బాగా చూసుకున్నామని మ్యూజియం వాళ్ళ మాట. విడుదలై వెళ్ళినవాళ్ళు చెప్పింది వేరు. చేతులు వెనక్కి విరిచి తాళ్ళతో కట్టేవాళ్ళని, ఏళ్ళ తరబడి ఒంటరి గదుల్లో పెట్టారని చెప్పారు. 1966లో జెరమయా డెంటన్ అనే ఖైదీని టీవీ కెమెరా ముందు కూర్చోబెట్టి బాగానే ఉన్నామని చెప్పించారు. ఆయన నోటితో అదే చెబుతూ, కనురెప్పలు కొట్టి తంతి భాష మోర్స్ కోడ్‌లో 'చిత్రహింస' అన్న ఇంగ్లిషు మాట ఒక్కో అక్షరం పంపించాడు. ఈ ఖైదీలు గోడ మీద వేలితో తట్టి మాట్లాడుకునేవాళ్ళు. ఇంగ్లిషు అక్షరాలు అయిదు వరసలు, వరసకి అయిదు. మొదటి తట్లు వరసకి, తర్వాతి తట్లు ఆ వరసలో అక్షరానికి. 26 అక్షరాలు 25 గళ్ళలో పట్టవు కనక 'కె' తీసేసి 'సి'తోనే సరిపెట్టుకున్నారు. 1969 చివర్నుంచి హింస తగ్గిందని వాళ్ళే చెప్పారు.

ఒకే కప్పు కింద, తమవాళ్ళు పడ్డ బాధని బొమ్మలు పోసి మరీ చూపించిన మ్యూజియం, తాము పెట్టిన బాధ దగ్గరికొచ్చేసరికి ఫోటోలు తిప్పేసింది. నాకది నచ్చలేదు. అయితే వాళ్ళ వైపు నుంచీ చూడాలి. 1972 డిసెంబరులో ఈ ఊరి మీద అమెరికా విమానాలు కురిపించిన బాంబులకి ఖామ్ తియెన్ అనే వీధి చాలావరకు నేలమట్టమైంది. బాంబులు వేసినవాడు తమ ఊళ్ళోనే పారాచూట్‌లో దిగితే కోపం రాకుండా ఉంటుందా? కోపం వచ్చింది, ఇలా చేశాం అని ఒక్క అట్ట మీద రాసిపెడితే ఆ జైలు విలువ పెరుగుతుందే గాని తగ్గదు. మీవాడికి ఈ సంగతి ముందే చెప్పి, రెండో సగం చూసేటప్పుడు గోడ మీద లేనిదేంటో వెతకమనండి.

ఇంకో ముచ్చట. 1967 అక్టోబరులో విమానం కూలి, హనోయిలోని చుక్ బాక్ చెరువులో పడి దొరికిపోయిన అమెరికా పైలట్ జాన్ మెకెయిన్ ఈ జైల్లోనే ఉన్నాడు. తర్వాత సెనేటరై, రెండు దేశాలూ మళ్ళీ కలిసేందుకు గట్టిగా పనిచేసినవాళ్ళలో ఆయనొకడు. 2018లో ఆయన పోతే, ఆ చెరువు గట్టున ఉన్న రాతిఫలకం దగ్గర హనోయి జనం పూలు పెట్టారు. 1997లో అమెరికా అక్కడికి పంపిన మొదటి రాయబారి పీట్ పీటర్సన్ కూడా ఆరేళ్ళకు పైగా ఆ దేశంలో ఖైదీగా ఉన్నవాడే.

ఖర్చు భయం వద్దు, టికెట్ పెద్దదేం కాదు. హోవాన్ కియెమ్ సరస్సు దగ్గర దిగితే నడిచి వెళ్ళొచ్చు. గంటన్నర నుంచి రెండు గంటలు పెట్టుకోండి, పొద్దున తెరవగానే వెళ్తే బస్సు గుంపులు తగలవు. చెవిలో పెట్టుకుని వినే ఆడియో గైడ్ ఇంగ్లిషులో ఉంది. అబ్బాయి విని మీకు చెబితే సరి. ఈ-వీసా మాత్రం ముందే తీసుకోవాలి. పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపండి, ఇంటిపేరుతో సహా.

ప్రశ్న: మేడమ్, అంకోర్ వాట్ చూడాలని కంబోడియా టికెట్లు తీశాం. నాంపెన్‌లో ట్యూల్ స్లెంగ్ జైలు కూడా చూడమని ఆఫీసులో అందరూ అంటున్నారు. ఆరో తరగతి పాపని తీసుకెళ్ళొచ్చా?
– ఒక ఉద్యోగి, ఒంగోలు

జవాబు: పాపని వద్దు. మీరు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళండి, ఒకరు పాపతో బయట ఉండండి.

హోవా లో రాజకీయ ఖైదీల్నీ యుద్ధఖైదీల్నీ పెట్టిన జైలు, అక్కడ చెప్పుకోవడానికి తప్పించుకున్న కథలైనా ఉన్నాయి. ట్యూల్ స్లెంగ్ అలాంటిది కాదు. అంతర్యుద్ధంలో గెలిచిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం 1975 నుంచి 1979 జనవరి దాకా సొంత జనాన్నే తెచ్చి చంపిన చోటు. 12 వేలమందికి పైగా లోపలికెళ్ళారు, ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతమంది. తెచ్చిన ప్రతి ఒక్కరికీ ఫోటో తీశారు. ఆ ఫోటోలు హాలు నిండా ఉంటాయి, అందులో మీ పాప ఈడు పిల్లలూ ఉంటారు.

పైగా అది హైస్కూలు. మూడంతస్తుల బడి, వరండాలు, మధ్యలో ఆటస్థలం. తరగతి గదుల మధ్య ఇటుకలతో గూళ్ళు కట్టారు, ఒక మనిషి కాళ్ళు ముడుచుకుంటే పట్టేటంతవి. పైనుంచి దూకి చావకుండా వరండాలకి ముళ్ళతీగ అల్లారు. పిల్లల కసరత్తుకి పాతిన కొయ్యలే వేలాడదీసే కొయ్యలయ్యాయి. నేను ముప్ఫై చిల్లర ఏళ్ళు బడుల్లో గడిపినదాన్ని. ఆ గచ్చు, ఆ కిటికీలు, వరండా మలుపులో మెట్లు అన్నీ తెలిసినవే అనిపించాయి. పై అంతస్తుకి నేను వెళ్ళలేదు.

ఇంకో మాట. అంకోర్ ఉన్నది సియెమ్ రీప్‌లో, ఈ జైలు నాంపెన్‌లో. మధ్యలో 300 కిలోమీటర్ల పైమాటే. 'పక్కనేగా' అనుకుని ఒక రోజులో రెండూ పెట్టుకోకండి.

ప్రశ్న: అక్కయ్య గారూ, మా అమ్మ నాన్నగారు, అంటే మా తాత, బ్రిటిషు సైన్యంలో చేరి సింగపూర్‌లో జపాన్ వాళ్ళకి ఖైదీగా చిక్కాడని, మళ్ళీ రాలేదని అమ్మమ్మ చెప్పేది. మా అమ్మాయికి అక్కడే ఉద్యోగం వచ్చింది. చాంగీ జైలు మ్యూజియంకి వెళ్తే తాత పేరు దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, గూడూరు

జవాబు: చాంగీ చూడండి గాని, తాతగారి కోసమైతే మొదట సింగపూర్‌లోనే ఉన్న క్రాంజీ యుద్ధస్మారకానికి వెళ్ళండి.

కారణం చెప్తాను. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. చాంగీ ప్రాంతానికి నడిపించింది ఎక్కువగా ఇంగ్లిషు, ఆస్ట్రేలియా సైనికుల్ని. 600 మంది కోసం 1936లో కట్టిన చాంగీ జైల్లో మొదట తెల్ల పౌరుల్ని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ సహా, వేలమందిని కుక్కారు. మన సిపాయిల్ని వేరు చేశారు. ఫిబ్రవరి 17న ఫారర్ పార్కు మైదానంలో 40 వేలకు పైగా భారతీయ సైనికుల్ని కూడేసి ఇంగ్లిషు అధికారి జపాన్‌కి అప్పజెప్పాడు. ఆ తర్వాత వాళ్ళని నీసూన్, బిదాదరి లాంటి శిబిరాల్లో పెట్టారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. చేరనివాళ్ళలో వేలమందిని ఓడల్లో న్యూగినీ, న్యూ బ్రిటన్ దీవులకి కూలిపనికి తోలారు. అక్కడ ఆకలికీ జబ్బులకీ చాలామంది పోయారు. మ్యూజియంలో మీకు తెల్లవాళ్ళ ముఖాలే ఎక్కువ కనిపిస్తాయి, కారణం ఇదే. మనసు చిన్నబుచ్చుకోకండి.

క్రాంజీ యుద్ధస్మారకంలో గోడల మీద 24 వేలకు పైగా పేర్లు చెక్కారు, సమాధి ఎక్కడో తెలియనివాళ్ళవి. భారతీయుల పేర్లు బోలెడు. అయితే గోడ దగ్గరికెళ్ళి వెతికితే సాయంత్రమవుతుంది. ముందే ఇంట్లో కూర్చుని కామన్వెల్త్ యుద్ధసమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి, ఉచితం. పేరు, రెజిమెంటు ఇస్తే ఏ గోడ మీద ఏ వరసో వస్తుంది. మన పేర్లని అప్పటి గుమాస్తాలు చెవికి ఎలా వినబడితే అలా రాశారు కాబట్టి ఒకే స్పెల్లింగ్ పట్టుకుని కూర్చోవద్దు. వెంకయ్య అయితే ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. ఇంటిపేరు చాలాసార్లు ఉండనే ఉండదు. కొన్ని ఎంట్రీల్లో ఫలానావాడి కొడుకు, ఫలానా ఊరు, నెల్లూరు అని ఉంటుంది, అది దొరికితే మీ పంట పండినట్టే. క్రాంజీ దగ్గర లేకపోతే ఆగిపోకండి. న్యూగినీలో లే పట్టణం, రబౌల్ దగ్గర బిటా పాకా శ్మశానాల్లోనూ మన ఖైదీలున్నారు, అదే వెబ్‌సైట్‌లో వస్తాయి.

అన్నిటికన్నా ముందు అమ్మమ్మగారి ట్రంకుపెట్టె చూడండి. పెన్షన్ కాగితం గాని, మనియార్డర్ రసీదు గాని ఉంటే సైనిక నంబరు అందులో ఉండొచ్చు. మద్రాస్ సాపర్స్ అనో ఇంకో దళం పేరో ఉంటే సగం పని అయిపోయింది. చాలా ఇళ్ళలో అవి దీపావళి శుభ్రాల్లో పాత చీటీలనుకుని పారేస్తారు.

చాంగీకి మీ అమ్మాయితో మరో రోజు వెళ్ళండి. 2021లో బాగుచేసి మళ్ళీ తెరిచారు, చిన్నదే, నెమ్మదిగా చూసినా పూట పట్టదు.

ప్రశ్న: మేడమ్, అన్నయ్య పోలండ్‌లో చదువుతున్నాడు. అక్కడి ఆష్విట్జ్ నాజీ శిబిరంలో ఫోన్‌తో ఫోటోలు, రీల్స్ తీసుకోనిస్తారా?
– డిగ్రీ విద్యార్థి, మార్కాపురం

జవాబు: ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు నాయనా. ఖైదీల తలవెంట్రుకలు పోగేసి ఉంచిన గదిలోనూ, 11వ బ్లాకు నేలమాళిగలోనూ తీయకూడదు. పేరుతో ముందే ఆన్‌లైన్‌లో ప్రవేశం బుక్ చేసుకోవాలి, పెద్ద బ్యాగులు రానివ్వరు. రీల్ సంగతికొస్తే, ఆ శిబిరంలోనే భాగమైన బిర్కెనావు దగ్గర రైలు పట్టాల మీద బ్యాలెన్స్ చేస్తూ ఫోటోలు దిగొద్దని 2019లో మ్యూజియం వాళ్ళే బతిమాలుకున్నారు. సుమారు 11 లక్షలమంది చచ్చిపోయిన చోట నీ వెనకాల ఏ పాట పెడతావు?

ప్రశ్న: జైళ్ళు, సమాధులు చూసొచ్చాక తలస్నానం చెయ్యకుండా గుడికి పోవచ్చా? మా అత్తగారు అడగమన్నారు. ఆవిడ హనోయి జైలు చూస్తానని, అదే పూట గుడి కూడా చూపించమని అంటున్నారు.
– ఒక కోడలు, చీమకుర్తి

జవాబు: అత్తగారికి నా నమస్కారాలు. మైల ఎవరి పట్టింపు వాళ్ళది, ఆవిడకి పట్టింపు ఉంటే హోటల్‌కెళ్ళి చేసి రండి. ఎండాకాలం వెళ్తే మాత్రం ఆ ఉక్కకి పట్టింపు లేనివాళ్ళూ రెండుపూటలా స్నానం చెయ్యాల్సిందే. నవంబరు నుంచి మార్చి లోపు పెట్టుకోండి, జనవరిలో స్వెటర్ ఉండాలి. హోవా లో నుంచి కొంచెం నడిస్తే క్వాన్ సూ అనే బౌద్ధాలయం ఉంది, ఆ దేశపు బౌద్ధసంఘానికి అదే ముఖ్య కార్యాలయం. చెప్పులు విడిచి, భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని వెళ్ళాలి. అత్తగారిది ఎలాగూ చీరే కాబట్టి ఆ టెన్షన్ లేదు, పిల్లల నిక్కర్ల సంగతే చూసుకోండి.